తిన్నగా ఇంటికి

శుభవార్త వచ్చేసరికి లీటా చేతులు మోచేతుల దాకా పిండిలో ఉన్నాయి.

ఫోను కిటికీ గట్టు మీద మోగుతోంది. పొయ్యి దగ్గరున్న ఆర్లిస్ చెయ్యి చాపితే అందుతుంది. ఆవిడ చాపలేదు. ఆదివారం నుంచీ ఆ ఇంట్లో అత్తగారు కోడలితో మాట్లాడటం మానేసింది. కోడలికి ఫోను అందివ్వడం కూడా మాట్లాడటం కిందికే వస్తుందని ఆవిడ ఉద్దేశం కాబోలు.

లీటా మోచేత్తో ఫోను నొక్కి, చెవిని గట్టు దాకా వంచింది.

అవతల టౌన్ లాయరు బ్రాంట్. ఏ సంగతైనా వాన దగ్గర్నుంచి మొదలుపెట్టే మనిషి, ఇవాళ వానను వదిలేశాడు. కొత్త కర్ఫ్యూ చట్టం ముసాయిదాను లింకన్ నగరంలోని హక్కుల సంఘం వాళ్ళు ఆసాంతం చదివారట, ఒప్పుకున్నారట. రేపు సాయంత్రం కౌన్సిల్ దాన్ని రెండోసారి చదివి ఓటేస్తే చాలు, ఆల్డర్ బెండ్ ఊరి మీద వేసిన దావా వెనక్కి తీసుకుంటారట.

"నువ్వు టైపు చేసినదాంట్లో ఒక్క మాట కూడా మార్చమనలేదమ్మాయ్. ఈ ఊరికి నీలాంటి క్లర్క్ ఇదివరకు లేదు," అన్నాడాయన.

సరిగ్గా అప్పుడే మధ్యాహ్న భోజనానికి మైలో వచ్చాడు. లీటా మొహం చూశాడు, ఫోనులోంచి వస్తున్న గొంతు విన్నాడు, ఇంకేమీ అడగకుండా ఆమెను నడుం పట్టుకుని ఎత్తి వంటింట్లో ఒక చుట్టు తిప్పాడు. దింపేసరికి నీలం యూనిఫాం భుజాల మీద రెండు తెల్లటి పిండి చేతులు అచ్చుపడ్డాయి. వాటిని దులపబోతే దులపనివ్వలేదు. ఈ పూట వాటితోనే గస్తీ తిరుగుతానన్నాడు. ఆల్డర్ బెండ్‌లో దొంగలెవరైనా ఉంటే ఆ చేతులు చూసే భయపడతారన్నాడు.

లీటా నవ్వింది. పెళ్ళయి ఇంకా రెండు నెలలు కాలేదు. గడప దగ్గర మైలో బూట్ల పక్కన తన చెప్పులు కనిపించినా ఆమెకు నవ్వొస్తుంది.

ఆర్లిస్ పొయ్యి కట్టేసింది. చేతులు తుడుచుకుంది. పెరటి తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. తలుపు చప్పుడు కాలేదు. చప్పుడైతే బాగుండునని లీటాకు అనిపించింది.

పాత చట్టం ఆవిడ రాసింది. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు రాత్రి సైరన్ కూశాక వీధిలో కనపడకూడదు. అంతే, మినహాయింపుల్లేవు. పెద్దకొడుకు డేల్ ఒక వేసవి రాత్రి నదిలోకి దిగి తిరిగి రాలేదు. ఆ ఏడాదే ఆవిడ కౌన్సిల్‌కు నిలబడింది, గెలిచింది, చట్టం చేయించింది. ఇప్పుడు కౌన్సిల్‌కు అధ్యక్షురాలు. తన చట్టానికి కన్నాలు పొడిచే కొత్త కాగితం ఆదివారం భోజనాల వేళ తన సొంత కోడలి చేతిలోనే కనిపించింది. కోడలు చేసింది క్లర్క్ ఉద్యోగమేనని ఆవిడకూ తెలుసు. తెలిసినంత మాత్రాన మింగుడు పడాలని లేదు.

"ఉన్నావా ఇంకా?" అంది ఫోను. "ఒక్క చిన్న సంగతి మిగిలింది. ఆ జోసీ మీద రాసిన కేసు."

లీటా వేళ్ళు పిండిలో ఆగిపోయాయి.

ఆ పిల్ల తరఫున సంఘం వేసిన దావా పోయినా, ఆమె మీది కర్ఫ్యూ కేసు పోదట. కొత్త చట్టం ప్రకారమే చూసి శుక్రవారం జడ్జి తేలుస్తాడట. సభకో, చర్చికో, పనికో వెళ్ళి తిన్నగా ఇంటికి వెళ్ళేవాళ్ళ జోలికి కొత్త చట్టం పోదు. కానీ జోసీ తిన్నగా వెళ్ళలేదు. సైరన్ కూసి, కౌన్సిల్ సభ ముగిసి, అందరూ వెళ్ళిపోయాక కూడా బ్యాంకు ముందు బెంచీ మీద కూర్చుని ఉంది. ఎందుకు కూర్చున్నావంటే ఏ కారణమూ చెప్పలేదని పోలీసు కోర్టులో ప్రమాణం చేసి చెప్పాడు.

"పోలీసంటే మీ ఆయనే కదా," అని బ్రాంట్ నవ్వాడు. "పాపం, ఆ పిల్లకి ఈత కొలను ఉద్యోగం పోతుంది. కేసున్నవాళ్ళని కాపలాకి పెట్టుకోరు కదా. కానీ ఊరు గట్టెక్కింది. అది చాలు."

మైలో ఫ్రిజ్ తలుపు తీసి, లోపలికి చూస్తూ నిలబడ్డాడు. ఏం కావాలో మరిచిపోయినవాడిలా చాలాసేపు నిలబడ్డాడు.

ఏప్రిల్‌లో జరిగిన ఆ సాయంత్రం లీటాకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. పెళ్ళయి మూడు రోజులే. కౌన్సిల్ సభ మధ్యలో తలుపులు తెరుచుకుని సగం ఊరు లోపలికొచ్చింది. అందరి చేతుల్లో గిన్నెలు, మూకుళ్ళు, గరిటెలు. కొత్త దంపతులకు షివరీ, అంటే గిన్నెల మోతతో అల్లరి, చేయకపోతే కాపురం నిలవదని ఆ వైపు పెద్దల మాట. గుండెలదిరేలా గిన్నెలు వాయించారు. ఆమెను ఒంటిచక్రం బండిలో కూలేసి, మైలో చేత కోర్టు మైదానం చుట్టూ తోయించారు. సభకు విరామం ఇచ్చింది ఆర్లిసే. ఆవిడ మొహాన నవ్వు చూడటం లీటాకు అదే మొదలు.

వెనక వరసలో జోసీ, ఇంకో నలుగురు బడిపిల్లలు ఉన్నారు. కర్ఫ్యూ గురించి కౌన్సిల్‌తో మాట్లాడాలని తెల్లచొక్కాలు వేసుకుని వచ్చారు. వాళ్ళూ చేతికందిన మూతలు వాయించారు. ఆ సంబరంలో వాళ్ళ వంతు వెనక్కి, ఇంకా వెనక్కి జరిగింది. జోసీ మాట్లాడుతుండగానే సైరన్ కూసింది. పిల్ల సైరన్ ఆగేదాకా ఆగి, "నేను ఇప్పుడు మీ ముందు నిలబడటం కూడా నేరమే అయిపోయింది," అని కూర్చుంది. అందరూ నవ్వారు. లీటా కూడా నవ్వింది.

తక్కిన నలుగురినీ వాళ్ళవాళ్ళు కార్లలో తీసుకెళ్ళారు. జోసీ ఉండేది నానమ్మ దగ్గర, ఊరి చివర. ఆవిడకు చీకట్లో కళ్ళు ఆనవు. ఎలా వెళ్ళాలని ఆ పిల్ల వచ్చి అడిగినప్పుడు లీటా చేతిలో కేకు ముక్క ఉంది, జుట్టు నిండా చల్లిన బియ్యం ఉంది. "బ్యాంకు ముందు బెంచీ మీద కూర్చో. మైలో డ్యూటీ ఎక్కుతున్నాడు. చెప్తాను, దింపేస్తాడు," అంది.

చెప్పలేదు.

వెనక తలుపు దగ్గర మైలో టోపీ పెట్టుకుంటూ కనిపించాడు. ఆ టోపీ వంకరగా ఉంది. దాన్ని సరిచేసింది. సరిచేసిన తర్వాత ముద్దు పెట్టుకుంది. ఆ తర్వాత ఈలపాట పాడుకుంటూ ఇంటికొచ్చి నిద్రపోయింది. మర్నాడు ఉదయం దువ్వెనలోంచి బియ్యపు గింజలు రాలుతుంటే ఆ పిల్ల గుర్తొచ్చింది. అప్పటికే మైలో జోసీ మీద కేసు రాసి వచ్చాడు.

ఆ రోజే చెప్పేస్తే నాలుక కరుచుకుని నవ్వుకునేంత సంగతి. రేపు చెప్దాంలే అనుకుంది. ఆలోగా లింకన్ నుంచి లాయర్లు వచ్చారు, పత్రికలవాళ్ళు వచ్చారు. అబద్ధం ఆడితే ఒక్కసారి ఆడినట్టు. చెప్పకుండా ఉండటం అలా కాదు, పొద్దున లేవగానే మళ్ళీ కొత్తగా చేయాలి.

మధ్యాహ్నం ఆఫీసుకు వెళ్ళకుండా లీటా ఈత కొలను దగ్గరికి వెళ్ళింది. ఇంకా నీళ్ళు నింపలేదు. జోసీ ఖాళీ కొలను అడుగున మోకాళ్ళ మీద కూర్చుని నల్లగీతలకు రంగు వేస్తోంది. ఉద్యోగం ఇంకా చేతికి రాకుండానే పని మొదలుపెట్టేసింది. చలికాలమంతా పక్క ఊరి బడికి వెళ్ళి, మునిగినవాళ్ళను ఒడ్డుకు లాగడం నేర్చుకుంది.

"మిసెస్ వానెక్ గారు వేంచేశారు," అంది తల ఎత్తకుండా. "ఆ గీత తొక్కకండి. తొక్కితే మీ మీద కేసు రాస్తాను."

లీటా నిచ్చెన దిగింది. బ్రాంట్ చెప్పినదంతా చెప్పింది. చట్టం మారుతుందని చెప్పేటప్పుడు జోసీ కుంచె గాల్లోకి ఎగరేసి పట్టుకుంది. శుక్రవారం సంగతి చెప్పేటప్పుడు మళ్ళీ గీత దగ్గరికి వంగింది.

"తిన్నగా ఇంటికి అన్న మాట ఎవరు పెట్టారు?" అని అడిగింది.

"నేనే. వేరే ఊరి చట్టంలో ఉంటే చూసి తెచ్చి పెట్టాను. బాగుందనిపించింది."

"బాగానే ఉంది. ఇల్లు దగ్గరున్నవాళ్ళకి."

లీటా ఒక అడుగు దగ్గరికి వేసింది. కూర్చోమన్నది తనేనని కోర్టులో ఎందుకు చెప్పలేదని అడిగింది. అడుగుతున్నప్పుడే సిగ్గేసింది. చెప్పవలసినది ఎవరో ఆ కొలను గోడలక్కూడా తెలుసు.

జోసీ మొదటిసారి తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది.

"చెప్పాను కదా. ఆ రాత్రే. మీ ఆయనకి."

లీటాకు వినపడింది. అర్థం కావడానికి ఇంకాస్త పట్టింది.

"కారు ఆపి ఎందుకు కూర్చున్నావన్నాడు. 'లీటా కూర్చోమంది, మీరొచ్చి దింపుతారట' అన్నాను. నాకెవరూ అలా చెప్పలేదే అన్నాడు. తర్వాత కేసు రాశాడు. రాసి, ఇంటి దగ్గర దింపాడు కూడా. అదొక్కటే మెచ్చుకోవాలి." జోసీ కుంచె డబ్బాలో ముంచింది. "కోర్టులో నన్ను ఎవరూ అడగలేదు. మా లాయరు ఏమో, నువ్వు కారణాలు చెప్పకు, హక్కు గురించి మాత్రమే మాట్లాడు, కారణం ఉంటేనే హక్కు అనుకుంటారు అంది. ఇంట్లో నానమ్మ ఏమో, కొత్త కాపురంలో నిప్పులు పోయకే అంది. అందరూ నోరు మూసుకోమన్నవాళ్ళే. నేనేమో మాట్లాడే హక్కు కోసం కేసు వేశాను."

ఆ పిల్ల నవ్వింది. లీటా నవ్వలేకపోయింది.

"నాకు ఉద్యోగం సంగతి సరే," అంది జోసీ కుంచెను డబ్బా అంచుకు రాస్తూ. "మీ ఆయన నన్ను అబద్ధాలకోరు కింద జమకట్టాడు చూడండి, అది బాలేదు."

ఇంటికి నడుస్తూ లీటా ఒక్కటే లెక్క వేసుకుంది, ఎన్నిసార్లు వేసినా అదే వచ్చింది. తను నోరు విప్పితే జోసీ బయటపడుతుంది. కానీ మైలో ప్రమాణం చేసి చెప్పింది అబద్ధమని తేలుతుంది. అబద్ధపు సాక్ష్యం చెప్పిన పోలీసుకు ఏ ఊళ్ళోనూ ఉద్యోగం ఉండదు. విప్పకపోతే మైలో మిగులుతాడు. ఆ మైలోతో ఎలా కాపురం చేయాలో ఆమెకు తెలియదు.

సాయంత్రం ఎండ ఇంకా వంటింటి బల్ల మీదే ఉంది. వడగళ్ళకు తమ అద్దె ఇంటి కప్పు పగిలి అత్తగారింటికి వచ్చినప్పటి నుంచీ ముగ్గురూ ఆ బల్ల దగ్గరే తింటున్నారు. ఆర్లిస్ తన పళ్ళెం తీసుకుని ముందు గదిలోకి వెళ్ళిపోయింది. ఆదివారం నుంచీ అదే ఏర్పాటు.

మైలో భుజాల మీద పిండి చేతులు ఇంకా అలాగే ఉన్నాయి. లీటా వాటి వంక చూడలేకపోయింది.

"జోసీ నీతో ఏం చెప్పింది, ఆ రాత్రి?" అని అడిగింది.

మైలో చేతిలోని ఫోర్కు పళ్ళెం మీద పెట్టాడు.

"ఏమీ చెప్పలేదు."

"మైలో."

"కోర్టులో అదే చెప్పాను. ఇప్పుడు అదే చెప్తున్నాను."

"నేను ఇవాళ కొలను దగ్గరికి వెళ్ళొచ్చాను."

అతను కుర్చీ వెనక్కి జరిపాడు, లేవలేదు. కిటికీలోంచి పెరటి కంచె వైపు చూశాడు. లీటా ఎదురుచూసింది. అతను ఎంత చక్కగా నవ్వుతాడో, నిద్రలో ఎలా గొణుగుతాడో, కాఫీలో పంచదార ఎంత వేసుకుంటాడో అన్నీ నేర్చుకుంది. ఈ మౌనం మాత్రం ఆమెకు కొత్త.

"నమ్మలేదు," అన్నాడు చివరికి. "నువ్వు చెప్పి ఉంటే నాకు చెప్పేదానివి కదా అనుకున్నాను. దొరికిపోయి నీ పేరు వాడుకుంటోంది అనుకున్నాను. పోలీసు పెళ్ళాం పేరు చెప్తే వదిలేస్తాడని ఊరంతా అనుకోకూడదని రాశాను."

"తర్వాత?"

"తర్వాత పొద్దున నువ్వు తల దువ్వుకుంటూ ఆగిపోయావు. అద్దంలో నీ మొహం చూశాను. అప్పుడు తెలిసింది."

అంటే అప్పటి నుంచీ ఇద్దరికీ తెలుసు. ఒకే గదిలో, ఒకే దుప్పటి కింద, ఇద్దరూ ఒకే సంగతిని చెరో పక్కన పెట్టుకుని పడుకున్నారు.

నాతో ఎందుకనలేదని ఆమె అడిగింది. నువ్వెందుకనలేదని అతను అడిగాడు. ఆ తర్వాత కాసేపు మాటలు ముళ్ళయ్యాయి. ఒక పిల్లకు ఇచ్చిన మాట ఒక్క ముద్దుతో మరిచిపోయే మనిషివి, నాకు నీతి చెప్పకు అన్నాడతను. మరిచిపోవడం వేరు, చెయ్యెత్తి ప్రమాణం చేసి చెప్పడం వేరు అందామె. నీకోసమే చెప్పానన్నాడు. కోర్టులో కారణం అడిగినప్పుడు ఆమె పేరు నాలుక మీదికి వచ్చిందట. పెళ్ళయి నెలైనా కాని అమ్మాయిని పత్రికల్లోకి ఈడ్చలేక మింగేశాడట.

"నాకోసం అనకు," అంది లీటా. "నాకోసం అంటే ఇక నేను ఏమీ అనలేను."

"నీకోసం కాకపోతే ఇంకెవరి కోసం? ఆ బెంచీ మీద కూర్చోబెట్టింది నేనా?"

లీటా తన పళ్ళెం పక్కకు నెట్టింది. ముందు గదిలో ఫోర్కు చప్పుడు లేదు. ఎప్పటి నుంచి లేదో ఇద్దరూ గమనించలేదు.

ఆర్లిస్ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో సగం తిన్న పళ్ళెం. ఆవిడ దాన్ని బల్ల మీద, తన పాత చోట పెట్టి కూర్చుంది.

మైలో, అమ్మా అని ఏదో చెప్పబోయాడు. ఆవిడ అతని వైపు చూడలేదు. కోడలి వైపు చూసింది.

"కూర్చోమంటే ఆ పిల్ల కూర్చుందా?"

ఆదివారం తర్వాత ఆవిడ నోట వచ్చిన మొదటి మాట అది. లీటా తల ఊపింది.

"ఎంతసేపు?"

"మైలో వచ్చేదాకా."

ఆర్లిస్ బల్ల గుడ్డ మీది ముడతను అరచేత్తో సర్దింది. అది సర్దుకోలేదు.

"డేల్‌కి ఒక్క మాట చెప్పాను ఆ రోజు. అక్కడే ఉండు, మీ నాన్న వస్తాడు అన్నాను. వాడు ఉండలేదు." ఆవిడ గొంతు మారలేదు. ఆ పేరు ఆ ఇంట్లో పలకగా లీటా వినడం ఇదే మొదలు. "పిల్లలు పెద్దవాళ్ళు ఉండమన్న చోట ఉండాలని చట్టం రాశాను. ఈ పిల్ల ఉంది. ఉన్నందుకే కేసు రాశాం. పెద్దవాళ్ళం మనం ఆ పూట వీధిలో మూకుళ్ళు వాయించుకుంటున్నాం."

"మీరు కాదు," అంది లీటా. "తప్పు నాది."

"విరామం ఇచ్చింది నేను. వెనక వరస నాకు కనిపిస్తూనే ఉంది. ఆ పిల్లల వంతు వచ్చేసరికి సైరన్ కూస్తుందని తెలుసు. కూస్తే మాట్లాడకుండా పోతారులే అనుకున్నాను." ఆర్లిస్ ఆ మాట చెప్పి, చల్లారిన బంగాళాదుంప ఒకటి తిని మింగింది. "నువ్వు మరిచిపోయావు. నేను మరిచిపోలేదు. ఏది పెద్ద తప్పో బ్రాంట్‌ని అడగక్కర్లేదు."

ఎండ బల్ల మీది నుంచి జారి నేల మీద పడింది.

మైలో నెమ్మదిగా, ఇది బయటపడితే తన ఉద్యోగం పోతుందని తెలుసు కదా అని అడిగాడు. తెలుసునని ఆర్లిస్ అంది. ఆ మాట అన్నప్పుడు మాత్రం ఆవిడ కొడుకు వైపు చూసింది. ఉన్న ఒక్క కొడుకు వైపు తల్లి చూసే చూపు అది. లీటా తల దించుకుంది.

"రేపు సభ మొదలవగానే పిల్లలకి మాట్లాడే వంతు ఇస్తాను," అంది ఆర్లిస్. "ఓటు తర్వాత కాదు, ముందు. జోసీ మొదట. ఆ తర్వాత నువ్వు, లీటా. క్లర్క్ బల్ల దగ్గర కూర్చుని కాదు, జనం నిలబడే చోట నిలబడి చెప్పు. నీ తర్వాత కుర్చీ దిగి నేను. ఆఖరికి మైలో."

"నేను రాకపోతే?" అన్నాడు మైలో.

ఆర్లిస్ లేచి ముగ్గురి పళ్ళేలూ ఒకదాని మీద ఒకటి పేర్చింది.

"పేరు పిలుస్తాను," అంది. "నువ్వు లేకపోయినా పిలుస్తాను. పిలిచాక నీకోసం ఎంతసేపు ఎదురుచూడాలో ఊరే చూసుకుంటుంది."